పాత పికప్‌కు ఏ ఇంజన్ దించాలి?

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. నాకు 2009 మోడల్ బొలెరో పికప్ ఉంది, ఏపీ 36 నంబరు, 2523 సీసీ డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజన్. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు, పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లులకు, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే దానికి తిప్పుతా. పోయిన నెల మార్కెట్ నుంచి వస్తుంటే హీట్ ఎక్కి ఆగిపోయింది. విప్పితే మూడో పిస్టన్ పట్టేసి ఉంది, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద గీతలు పడ్డాయి. బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ దిమ్మ) సంగతి ఇంకా చూడలేదు. మేస్త్రీ రోజుకో మాట చెప్తున్నాడు. ఉన్నదే బోరు చేయిద్దామని (సిలిండర్ లోపలి గోడ చెక్కించి బాగు చేయిద్దామని) ఒకరోజు, స్క్రాప్‌లో అదే మోడల్ ఇంజన్ తెచ్చి దించుదామని ఒకరోజు, ఎలాగూ ఖర్చు పెడుతున్నావు కదా, టాటా 407 లారీ ఇంజన్ ఎక్కిస్తే లోడ్‌కు తిరుగుండదని ఇంకొకరోజు. మా బావమరిదేమో సీఆర్‌డీఈ (కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ డీజిల్ ఇంజన్) పెట్టు, మైలేజీ వస్తుందంటాడు. నిద్ర పట్టట్లేదన్నా, ఒకటే టెన్షన్. ఏం చేయమంటావు?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నాలుగు దారులున్నాయి గానీ పాత ఇంజన్ ఎందుకు పోయిందో లేదు. "హీట్ ఎక్కి ఆగిపోయింది" అని ఒక్క ముక్క రాసి దాటేశావు. నాకు కావాల్సింది ఆ ముక్కే. ఎందుకంటే ఇంజన్ మారుతుంది, దాని ముందున్న రేడియేటర్ మారదు, పైపులు మారవు, నువ్వు పోసే నీళ్లు మారవు, చివరికి కొత్తగా దించిన ఇంజన్ కూడా అదే మార్కెట్ దారిలో అలాగే పట్టేస్తుంది. ఇలా ఏడాదిలో రెండు ఇంజన్లు తిన్న బండిని నేను చూశాను, తప్పంతా ఒక రేడియేటర్‌ది.

కాబట్టి ఇవాళ సాయంత్రం ఒక పని చెయ్. రేడియేటర్ వెనక నుంచి టార్చ్ వేసి ముందు నిలబడి చూడు. వెలుతురు ఇటు రాకపోతే సగం జవాబు దొరికినట్టే. నువ్వు పత్తి మిల్లులకు తిరుగుతావు కదా, ఆ నూగు గాల్లో ఎగిరి రేడియేటర్ రెక్కల మధ్య దూరుతుంది, దాని మీద దుమ్ము, ఆయిల్ తడి చేరి బొంతలాగా అంటుకుపోతుంది. బయటికి బాగానే కనిపిస్తుంది, గాలి మాత్రం పోదు. ఎయిర్ ఫిల్టర్‌దీ అదే కథ. లోపలి సంగతి ఇంకోటి. మన దగ్గర చాలామంది బోరుబావి నీళ్లే పోస్తారు, ఆ ఉప్పు నీళ్లకు రేడియేటర్ గొట్టాల్లో, బ్లాక్ లోపల నీళ్లు తిరిగే దారుల్లో తెల్లగా సున్నంలాగా పేరుకుంటుంది, సరిగ్గా పిస్టన్ చుట్టూ చల్లబడాల్సిన చోటే చల్లబడదు. మూడో సిలిండర్ ఒక్కటే పట్టేసిందన్నావు కాబట్టి బ్లాక్ కడిగేటప్పుడు ఆ సిలిండర్ చుట్టూ ఉన్న దారుల్ని ప్రత్యేకంగా చూడమను, ఆ సిలిండర్ నాజిల్‌ని కూడా పంపు షాపులో పరీక్ష చేయించు, డీజిల్ చిమ్మకుండా ధారగా కారే నాజిల్ పిస్టన్‌ని కాల్చేస్తుంది.

ఇంకోటి అడుగుతా, నిజం చెప్పు. థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వనిది) ఉందా, తీసి పారేశారా? హీట్ ఎక్కుతోందంటే చాలు, మన మేస్త్రీలు ముందుగా చేసే పని దాన్ని పీకేయడం. పీకేస్తే చలికాలం పొద్దున ఇంజన్ చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, బోరు తొందరగా అరుగుతుంది, అసలు జబ్బేమో అలాగే ఉండిపోతుంది. ఏ ఇంజన్ దించినా సరే కొత్త థర్మోస్టాట్, కొత్త రేడియేటర్ క్యాప్, కంపెనీ చెప్పిన కూలెంట్. క్యాప్ చిన్న వస్తువే గానీ అది ప్రెషర్ పట్టి ఉంచితేనే నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగకుండా ఆగుతాయి.

సరే, ఇప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. నా ఓటు మొదటి దారికి, అంటే ఉన్నదాన్నే బాగు చేయించడానికి. ఒకే షరతు, బ్లాక్ పగలకుండా ఉండాలి. పిస్టన్ పట్టేసిందంటే బ్లాక్ పోయినట్టు కాదు, ఆ సిలిండర్‌ని బోరు చేసి స్లీవ్ (లోపల కొత్త గొట్టం) దించుతారు. క్రాంక్ మీద గీతలంటే క్రాంక్ పోయినట్టూ కాదు, గ్రైండింగ్ చేసి తక్కువ సైజు బేరింగులు వేస్తారు. మన లేత్ షాపుల్లో పది, ఇరవై, ముప్పై అంటుంటారే, అది అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో పది, ఇరవై, ముప్పై అన్నమాట. పది అంటే పావు మిల్లీమీటర్. నీ క్రాంక్ ఇంకా స్టాండర్డ్ సైజులో ఉందా, ఇంతకుముందే ఎవరైనా గ్రైండింగ్ చేయించారా అన్నది మైక్రోమీటర్ పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. ఆ సైజు బేరింగులు మార్కెట్లో దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే గ్రైండింగ్‌కు ఇవ్వు, ముందు అరగదీసి తర్వాత బేరింగుల కోసం హైదరాబాద్ దాకా తిరిగినవాళ్లున్నారు. బ్లాక్‌ని నీళ్ల ప్రెషర్ పెట్టి పరీక్షించమను, హెడ్‌ని (సిలిండర్ల పైన బిగించే మూతని) కూడా. హెడ్ వంగిందో లేదో స్కేల్ పెట్టి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచటి రేకులతో) చూడాలి, హీట్ ఎక్కిన ఇంజన్‌కు ఇది తప్పనిసరి.

ఈ 2523 సీసీ ఇంజన్‌ని బాగు చేయించమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది, నాకు కొంచెం ఇష్టమైన విషయం కూడా. దాని బోరు (సిలిండర్ వెడల్పు) 88.9 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 101.6. లెక్క వింతగా ఉంది కదా? అంగుళాల్లోకి మార్చి చూడు, సరిగ్గా మూడున్నర, నాలుగు. అది అంగుళాల్లో పుట్టిన ఇంజన్. 1963లో మహీంద్రా వాళ్లు అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు, ఆ ట్రాక్టర్ ఇంజన్ల వంశంలోదే ఇది. అందుకే దాని స్వభావం ట్రాక్టర్ మేస్త్రీలకు బాగా తెలుసు, స్పేర్లకు ఇబ్బంది లేదు, కంప్యూటర్ పెట్టి చూడాల్సిన పని లేదు. ఊరి దగ్గరే బాగయ్యే ఇంజన్‌ని వదులుకోకు.

బాగు చేయించేటప్పుడు మేస్త్రీలు మరిచిపోయేది ఒకటుంది. పిస్టన్ పట్టేసినప్పుడు ఇనుప రజను ఆయిల్‌లో కలిసి ఊరంతా తిరుగుతుంది. ఆయిల్ దారుల బిరడాలు విప్పి, బ్రష్ పెట్టి కడిగి, గాలి కొట్టాలి. ఆయిల్ కూలర్ ఉంటే అది, టర్బో ఉంటే దాని ఆయిల్ పైపులు కూడా. అలా కడగకుండా బిగిస్తే కొత్త బేరింగులు మొదటి ట్రిప్పుల్లోనే మళ్లీ గీతలు పడతాయి, అప్పుడు "డూప్లికేట్ సామాను" అని షాపువాడిని తిడతారు.

బ్లాక్ పగిలిందని తేలితే అప్పుడు రెండో దారి, అదే మోడల్ ఇంజన్. ఇక్కడొక మోసం ఉంది. 2523 సీసీ అని అడిగితే స్క్రాప్‌లో నీకు రెండు రకాలు చూపిస్తారు, ఒకటి నీది, ఇంకోటి తర్వాత వచ్చిన కామన్ రైల్ ఇంజన్. సీసీ ఒకటే, పని చేసే పద్ధతి వేరు. రెండోదానికి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) కావాలి, సెన్సార్లు, పూర్తి వైరింగ్, పెడల్ దాకా అన్నీ కావాలి, డీజిల్ ట్యాంక్ నుంచి వచ్చే లైను, ఫిల్టర్ కూడా దానికి తగ్గవి ఉండాలి. మీ బావమరిది చెప్పే సీఆర్‌డీఈ కథ ఇదే. మొత్తం బండి పక్కన పెట్టుకుని ఒక్కో వైరు మార్చగల మేస్త్రీ ఉంటే తప్ప దాని జోలికి పోకు, ఉన్నా పోవద్దనే అంటాను. అదే డీఐలో కూడా టర్బో ఉన్నది, లేనిది రెండూ తిరుగుతున్నాయి, నీ బండిలో ఏది ఉంటే అదే తెచ్చుకో.

ఇక 407 ఇంజన్. ఈ ఆశ నీకొక్కడికే కాదు, నాకు వచ్చే ఉత్తరాల్లో సగం దీని మీదే. 497 అని దాని పేరు, నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, స్ట్రోక్ వంద, మొత్తం 2956 సీసీ. మంచి ఇంజన్, కాదనను. కానీ అది నీ బండికి పుట్టలేదు. బరువు ఎక్కువ కాబట్టి ముందు స్ప్రింగు కట్టలు కుంగుతాయి, చాసిస్ మీద మౌంటింగులు కోసి వెల్డింగ్ చేయాలి, నీ గేర్‌బాక్స్‌కు అది కూర్చోదు కాబట్టి మధ్యలో ప్లేటు చేయించాలి లేదా గేర్‌బాక్స్ కూడా దానిదే తేవాలి, తెస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు పోయే పొడవాటి రాడ్డు) పొడవు మారుతుంది, క్లచ్ మారుతుంది, రేడియేటర్ చాలదు. ఇంత చేశాక ఆ ఎక్కువ లాగుడు ఎక్కడికి పోతుంది? నీ పాత క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్‌లోని పళ్ల చక్రాలు) మీదికి, యాక్సిల్ మీదికి. ఇంజన్ లాగుతుందని ఇంకో పది బస్తాలు వేస్తావు. బ్రేకులు మాత్రం పాతవే.

స్పీడు లెక్క కూడా చెప్తా. ఉదాహరణకు డిఫరెన్షియల్ రేషియో 5 (షాఫ్ట్ ఐదు చుట్లు తిరిగితే టైరు ఒక చుట్టు) అనుకుందాం, టైరు ఒక చుట్టుకు 2.3 మీటర్లు పోతుందనుకుందాం, టాప్ గేరు డైరెక్ట్, అంటే ఇంజన్ ఎంత తిరిగితే షాఫ్ట్ అంతే తిరుగుతుంది. ఇంజన్ 3000 ఆర్పీఎం తిరిగితే టైరు నిమిషానికి 600 చుట్లు, అంటే గంటకు సుమారు 83 కిలోమీటర్లు. కొత్తగా దించిన ఇంజన్ 2400 దగ్గరే హాయిగా పనిచేసే రకమైతే అదే గేరులో 66 కిలోమీటర్లే. ములుగు రోడ్డు మీద వెనక నుంచి లారీవాడు హారన్ కొడుతుంటే నువ్వు ఇంజన్‌ని అరిపిస్తూ పోవాలి, మైలేజీ కూడా అక్కడే పోతుంది.

ఒకప్పుడు ఇలాంటివన్నీ నడిచాయి. పెట్రోల్ అంబాసిడర్లలో మెటడోర్ డీజిల్ ఇంజన్లు దించి టాక్సీలు తిప్పేవాళ్లు, పెట్రోల్ జీపుల్లో ఏది దొరికితే అది పెట్టేవాళ్లు. నేనూ ఆ తప్పు చేసినవాణ్నే. నా పాత జీపులో డీజిల్ ఇంజన్ ఎక్కించినప్పుడు స్టార్ట్ చేయగానే బ్రహ్మాండంగా అందుకుంది, మేస్త్రీకి కొబ్బరికాయ కొట్టి మరీ డబ్బులిచ్చాను. కాజీపేట బ్రిడ్జి దిగుతుంటే బ్రేక్ పెడల్ రాయిలాగా గట్టిపడింది. సంగతేమిటంటే పెట్రోల్ ఇంజన్ తాను పీల్చే గాలి దారిలోనే వాక్యూమ్ తయారుచేస్తుంది, బ్రేక్ బూస్టర్ (పెడల్‌ని తేలిక చేసే డబ్బా) దాంతో పనిచేస్తుంది. డీజిల్‌కు ఆ వాక్యూమ్ ఉండదు, వేరే పంపు కావాలి, చాలా బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకాలే ఉంటుంది. మావాడు పంపు లేని ఆల్టర్నేటర్ బిగించాడు. రెండు కాళ్లతో పెడల్ తొక్కి, గేరు తగ్గించి, ఎలాగో పక్కకు ఆపాను. అప్పటి నుంచి ఎవరు ఇంజన్ మార్చినా ఊరు దాటకముందు బ్రేక్ చూడమంటాను. నువ్వు అదే మోడల్ ఇంజన్ తెచ్చినా సరే, ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు, దాని పైపు ఉన్నాయో లేదో చూసుకో.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ దీని గురించే. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చితే 14 రోజుల్లోగా ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేసి ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. ముందే వెళ్లి అడిగి చేయించుకోవడం ఇంకా మేలు. నీ బండి ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఫిట్‌నెస్‌కు పోవాల్సిందే, అక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఇంజన్ నంబరు చూస్తాడు. బొలెరో ఆర్సీ కింద 407 ఇంజన్ కనిపిస్తే ఏం చెప్తావు? చెప్పకుండా మార్చినవాళ్లకు 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, రెండూ కూడా పడొచ్చు. జరిమానా కంటే నాకు భయం ఇన్సూరెన్స్ గురించి. నంబరు కలవని ఇంజన్‌తో ఎక్కడైనా యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర కొర్రీ పెడతారు, అప్పుడు నీ పొలం మీదికి వస్తుంది. ఉన్న బ్లాకే బాగు చేయిస్తే నంబరు అదే ఉంటుంది, ఈ తిరుగుడేదీ లేదు.

చివరగా డబ్బు. మేస్త్రీ రేట్లు రాయలేదు నువ్వు. లేత్ పని, సామాను, కూలి మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకో. ఆ మొత్తం పక్కన, నడిచే స్థితిలో ఉన్న 2009 పికప్ మీ దగ్గర ఎంతకు అమ్ముడుపోతుందో వేసి చూడు. సగం దాటుతోందంటే, బాడీ, చాసిస్ కూడా తుప్పు పట్టి ఉన్నాయంటే ఇంజన్ మాట పక్కన పెట్టి బండి మార్చడం గురించి ఇంట్లో మాట్లాడు. చాసిస్ గట్టిగా ఉంటే మాత్రం బోరు చేయించుకో, మిర్చి సీజన్ లోపు రోడ్డెక్కుతావు.

ప్రశ్న: నాది టాటా 207. ఇంజన్ మార్చక తప్పదు, బ్లాక్ పక్క నుంచి పగిలింది. స్క్రాప్‌లో కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? నేను మెకానిక్‌ని కాదు, అరవై దాటినవాణ్ని, మోసపోకుండా ఉంటే చాలు.
– జమ్మికుంట నుంచి

జవాబు: మీరు ముందు అడగాల్సింది ఇంజన్ గురించి కాదండీ, అది ఏ బండిలోంచి వచ్చిందన్నది. ఆ బండి ఆర్సీ కాపీ, ఇంజన్ నంబరు రాసిన బిల్లు, అమ్మేవాడి సంతకం. ఇవి లేకపోతే ఎంత చవకైనా వద్దు. బ్లాక్ మీద నంబరు చెక్కిన చోట వేలితో తడిమి చూడండి, పక్కనున్న ఇనుము గరుకుగా ఉండి నంబరు చోటు మాత్రమే నున్నగా ఉంటే గ్రైండింగ్ చేసి కొత్త నంబరు కొట్టారేమో అని అనుమానించండి. మా తెలిసినవాళ్ల బండి ఒకటి ఇలాంటి ఇంజన్ వల్లే నెలలపాటు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండింది, కొన్నవాడికి పాపం ఏమీ తెలియదు.

వీలైతే బండిలో ఉండగానే, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి చూడండి. మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమో. ఆయిల్ పోసే మూత తీయండి, అక్కడి నుంచి పొగ బుసబుస కొడుతుంటే రింగులు, బోరు అరిగినట్టు. మూత లోపల టీ మీద మీగడలాంటిది కనిపిస్తే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, నలుపు అయితే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, అది పంపు, నాజిళ్లతో పోయే జబ్బు కావొచ్చు కాబట్టి దానికి భయపడక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే వదిలేయండి.

ఇంజన్ ఇప్పటికే బండిలోంచి తీసేసి ఉంటే స్టార్ట్ చేసి చూపించలేరు, అప్పుడు సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పమనండి. విప్పనంటే లేచి వచ్చేయండి. విప్పితే మీ మేస్త్రీ ఒక బేరింగ్ క్యాప్ తీసి చూస్తాడు, బేరింగ్ వెనక సైజు చెక్కి ఉంటుంది, అప్పటికే చివరి సైజులో ఉందంటే ఆ క్రాంక్‌కు ఇంకో జన్మ లేదు. హెడ్‌తో సహా ఇస్తున్నాడా, పంపు, స్టార్టర్, ఆల్టర్నేటర్ కూడానా అన్నది బిల్లులో రాయించండి. "ఫుల్ ఇంజన్" అనే మాటకు ఒక్కో షాపులో ఒక్కో అర్థం ఉంది. బండి మీద ఫైనాన్స్ ఇంకా ఉంటే వాళ్ల అంగీకార పత్రం తీసుకున్నాకే ముట్టుకోండి.

ప్రశ్న: సార్, నా పికప్ 2018 మోడల్, బీఎస్-4 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం). నడుస్తూ నడుస్తూ లాగుడు తగ్గిపోతోంది, మీటర్‌లో ఇంజన్ లైటు వెలుగుతోంది. ఈ సెన్సార్లన్నీ పీకేసి కంప్యూటర్ లేని పాత పంపు ఇంజన్ పెడితే లైఫ్‌లాంగ్ తలనొప్పి ఉండదంటున్నారు. పెట్టొచ్చా?
– భూపాలపల్లి

జవాబు: వద్దు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా కొత్త బండ్లకు బీఎస్-4 వచ్చింది, నీ బండి ఆ లెక్క మీద రిజిస్టర్ అయింది, దాన్ని వెనక్కి బీఎస్-3 ఇంజన్‌కు దించడం ఏ ఆఫీసులోనూ ఒప్పుకోరు. అసలు నీ ఇంజన్ పోయిందని ఎవరు చెప్పారు? లైటు వెలిగిందంటే ఏదో కోడ్ ఉంటుంది, స్కానర్ పెట్టించి ఆ కోడ్ కాగితం మీద రాయించుకో. ముందు డీజిల్ ఫిల్టర్ మార్చి అడుగున చేరిన నీళ్లు వదులు, తర్వాత వైరింగ్‌ని ఎలుకలు కొరికాయేమో చూడు, ఆ తర్వాతే రైల్ ప్రెషర్ సెన్సార్, ఇంజెక్టర్లు. ఫిల్టర్‌తో పోయే జబ్బుకు ఇంజన్ మార్చమనేవాడి దగ్గర బండి ఒక్క రాత్రి కూడా ఉంచకు.

ప్రశ్న: బోరు చేయించి ఇంజన్ మళ్లీ బండిలో పెట్టాం. మొదట్లో ఎంత స్పీడు పోవాలి? మా మేస్త్రీ ఒకరోజంతా స్లోలో తిప్పి ఉంచమన్నాడు.
– మంచిర్యాల

జవాబు: స్లోలో గంటల తరబడి ఉంచకండి, లోడ్ లేకుండా ఊరికే తిప్పితే రింగులు బోరుకు సరిగ్గా పట్టవు, బోరు అద్దంలా నున్నబడి తర్వాత ఆయిల్ తాగుతుంది. స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ వచ్చిందా, ఎక్కడైనా కారుతోందా చూసుకుని, వేడెక్కాక రోడ్డెక్కించండి. మొదటి 1000 కిలోమీటర్లు సగం లోడ్, ఒకే స్పీడులో కాకుండా పెంచుతూ తగ్గిస్తూ. 500 దగ్గర ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చండి, పాత ఆయిల్‌ని తెల్లటి గుడ్డ మీద పోసి మెరిసే రజను ఎంత ఉందో చూడండి. కొద్దిగా ఉంటే మామూలే. చిటికెడు పోగైతే బండిని అక్కడే ఆపి మేస్త్రీని పిలిపించండి.